పరామర్శయు సాయమును

రోగి యింటికి పోయి నాలుగు మాటలు చెప్పి వచ్చుట మనవారిలో ననాదిగా వచ్చుచున్న యాచారము. పోనివాడు కఠినుడనిపించుకొనును. పోయినవాడు తన ధర్మము తీరినదని తృప్తి చెందును. ఈ రెండు తలంపులలో నేదియు సరియైనది కాదని నాకు దోచుటకు నలుబదియేండ్లు నిండవలసివచ్చినది. దానిని నాకు నేర్పినవి గ్రంథములు గావు. మా పాఠశాలలో నైదవ తరగతి చదువుచుండిన యొక బాలుని కుటుంబము.

2017వ సంవత్సరమున నా బాలునకు జ్వరము విడువక వచ్చి, కాళ్లు నొచ్చి, ఒంటిమీద కమిలిన మచ్చలు పొడసూపెను. వైద్యులు పరీక్షించి ల్యుకేమియా యనిరి. రక్తమునకు పట్టిన క్యాన్సరన్నమాట. పిల్లలకు వచ్చు క్యాన్సరులలో నెక్కువగా గానవచ్చునది యిదియే. తండ్రి యద్దెకారు నడుపువాడు. తల్లి బట్టలు కుట్టునది. ఎనిమిదవ తరగతి చదువుచున్న కూతు రొకతె గలదు. ఆ బాలుని చికిత్స 2020లో ముగిసినది. నేడాతడు ఆరోగ్యముగ నున్నాడు. నేను చెప్పబోవున దా సంగతి గాదు.

ఈ వ్యాధి పేరు వినగానే బిడ్డపై నాశ వదలుకొనుట యొకప్పుడు తప్పనిదే. 1947వ సంవత్సరాంతమున బోస్టను నగరమందు సిడ్నీ ఫార్బరను వైద్యుడు అమినాప్టెరినను మందును పిల్లల కిచ్చి, కొన్ని నెలలపాటైనను వ్యాధి వెనుదీయుట చూచి, 1948లో నా విషయమును ప్రకటించెను. ఆ మందు వెలువడిన లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనలకు నాయకుడు మన భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. దానికి జ్ఞాతియగు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. సంపన్నదేశములలో క్యాన్సరు సోకిన పిల్లలు నూటికి 80 మందికి పైగా స్వస్థులగుచున్నారు. బీదదేశములు పెక్కింట 30 మందియైనను గారు. మందు తెలియకపోవుట యీ యంతరమునకు కారణము గాదు. రోగము నాలస్యముగా గుర్తించుట, మందులు దొరకకుండుట, వీనితోపాటు చికిత్సను నడుమ విడిచిపోవుటయు నొక కారణము. రెండు మూడేండ్లు సాగు చికిత్స యిది. 2007లో నేర్పడిన ఆరోగ్యశ్రీ వంటి పథకము లాస్పత్రి వ్యయమును జాలవఱకు భరించినను, పోయిన సంపాదన, నగరములో గదియద్దె, ఇంట మిగిలిన బిడ్డ పోషణ, ఇవి తలిదండ్రుల నెత్తినే యుండును. ఆ సందుననే కుటుంబములు జాఱిపోవుచున్నవి. కాబట్టి యిరుగుపొరుగుల సాయము కేవలము దయకు జెందిన విషయము గాదు, మందువలెనే చికిత్సలో నొక భాగమని నా యభిప్రాయము.

ఇక మేము చేసిన సాయ మెట్టిదో వినుడు. మొదట వీధివారు గుంపులుగా పరామర్శకు పోయిరి. ఒక వృద్ధురాలు తల్లి చేయి పట్టుకొని, గర్భవతివై యున్నప్పుడు గ్రహణము చూచితివా యని యడిగెను. మఱియొకరు పూర్వజన్మ పాపమనిరి. వ్యాధికి పూర్వపాపమే మూలమని చెప్పు సంస్కృతశ్లోకమును మనవారు సగమే చదువుదురు. దాని యుత్తరార్ధమున శాంతిమార్గములు గలవు. అందు మొదటిది యౌషధము, రెండవది దానము, జపహోమములు తరువాతివి. పాపమును నమ్మువాడైనను నా వరుసను మన్నింపవలదా? ఆ తల్లికి మాత్రము సగము శ్లోకమే యందినది. తానేమి తప్పు చేసితినా యని యామె నెలలకొలది వెదకుకొనుచుండెనట.

ఇది యంటురోగమును గాదు. అయినను నా పిల్లవాని గ్లాసును వేఱుగ నుంచిన యిండ్లు నే నెఱుగుదును. నిజమున కంటుభయము వానినుండి మనకు గాదు, మననుండి వానికి. మందుల తీవ్రతచే తెల్లకణములు క్షీణించినప్పుడు మన సామాన్యపు జలుబు వానికి ప్రమాదము కావచ్చును. ఆటలమ్మ పోసిన బిడ్డ ప్రక్కను గూర్చుండుట యంతకంటె ప్రమాదము. జ్వరము వచ్చెనా, ఆలస్యములేక యాస్పత్రికి చేరవలయును. కావున నర్ధరాత్రమున తలుపు తట్టినచో బండి తీయగల పొరుగువాడొకడు, పండ్లు తెచ్చు పదిమంది పరామర్శకులకంటె మేలు. రక్తము సంగతియు నట్లే. ప్లేట్‌లెట్లు సాధారణముగ నైదుదినములకు మించి నిలువయుండవు. ఒకనాడు నలుబదిమంది యుత్సాహముతో వచ్చుటకంటె, పిలిచిననాడెల్ల వచ్చు నలుగురు కావలయును.

ఇప్పుడు నా తప్పు చెప్పెదను. పాఠశాలలో చందా వసూలు చేయించినవాడను నేను. 32 వేల రూపాయలు పోగైనవి. ఉదయప్రార్థనవేళ, పిల్లలందఱి యెదుట, తండ్రిని పిలిపించి యిచ్చితిమి. పరోపకారమును గూర్చి నే నుపన్యసించితిని. బాగుగనే మాటాడితినని నాడనుకొంటిని. ఆయన రెండు చేతులతో కవరు పుచ్చుకొని తలవంచుకొని నిలిచెను. ఎనిమిదవ తరగతి వరుసలో నాయన కూతురు నిలిచియుండెను. ఆ సంగతి నాకు తరువాత గాని తలపునకు రాలేదు.

పదుగురెదుట నిచ్చిన మఱి పదుగురిత్తురని వాదించువారు గలరు. ఇత్తురు గాక. లెక్కను గోడమీద నంటింపవచ్చును, పుచ్చుకొన్నవానిని గోడకు జేరగిల నిలుపనక్కఱలేదు. అంతటితో ముగియలేదు. ఆ సంక్రాంతికి కూతురు క్రొత్తపరికిణీ కట్టుకొనివచ్చెను. “మన చందాయే కాబోలు” అని యుపాధ్యాయుల గదిలో నొకరనిరి. నేను నవ్వితిని. తల్లి కుట్టుపనిదన్న మాట మాలో నెవ్వరికిని తోచలేదు. ఇచ్చినదానిపై తన స్వత్వమును వదలి పరుని స్వత్వమును గలిగించుటయే దానమని మన ధర్మశాస్త్రనిబంధకారులు నిర్వచించిరి. నే నా నిర్వచనమును తరగతిలో బోధించినవాడను. మేమిచ్చిన కవరులో రూపాయలు పోయినవి గాని స్వత్వము మాయొద్దనే నిలిచినది.

తరువాత నాయన నన్ను జూచి వీధిలో నవతలిప్రక్కకు పోవుట మొదలిడెను. కృతఘ్నతయని కొన్నాళ్లనుకొంటిని. మూడవమాఱు ప్లేట్‌లెట్లు కావలసినప్పుడు మాలో నెవ్వరిని నడుగక, ఆస్పత్రివాకిట నెఱుగనివారిని బ్రతిమాలి తెచ్చుకొనెనట. ఆ మాట యాయన కూతురే నాతో జెప్పెను. నాటి సాయంకాలము నేను వారింటికి పోయి, ప్రార్థనవేళ నట్లు చేసియుండరాదని చెప్పితిని. ఆయన చాలసేపు మాటాడలేదు. పిదప ననెను:

“డబ్బు మాట పోనీండి మాష్టారూ. ఆదివారాలు మేమిద్దరం ఆస్పత్రిలోనే ఉంటాం. అమ్మాయితో మాట్లాడే దిక్కు లేదు. మీ ఇంట్లో ఉంచుకుంటారా?”

ఆ యాదివార మామె వచ్చి మా వంటింటి గడపమీద కూర్చుండెను. గంటసే పొక్కమాటయు బలుకలేదు. నా భార్య యేమియు నడుగక, చిక్కుడుకాయల చేట యామె ముందుంచి తానును కూర్చుండెను. సగము కాయలకు ఈనెలు తీయుట యైన తరువాత, ఆమె తమ్ముని సంగతి చెప్ప మొదలిడెను.