సర్దే హక్కు ఎవరిది?

ఇల్లు మారడమంటే సామాను మోయడం అనుకుంటాం. నిజానికి మోయడం ఆఖరి పని. అంతకు ముందు ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని, ఇది వెంట రావాలా, ఎవరికైనా ఇవ్వాలా, ఇక్కడే ఉండిపోవాలా అని తేల్చాలి. వంటసామాను తొందరగానే తేలుతుంది. గిన్నె ఎక్కడికి పోయినా గిన్నే. పడుకునే చోటు సర్దడమే కష్టం. మనిషి తనకంటూ దాచుకున్నవన్నీ అక్కడే ఉంటాయి.

పోలవరం ముంపు మండలాల్లోని మన గూడేలకు ఈ కష్టం తెలుసు. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు వైపు కోయలు, కొండరెడ్లు కొందరు ఊళ్ళు ఖాళీ చేశారు. మరికొందరు ఎప్పుడు లేవాలో అని ఎదురుచూస్తున్నారు. పరిహారం గురించి, భూమికి భూమి గురించి మనవాళ్ళు అడుగుతూనే ఉన్నారు, అడగాలి కూడా. ఇక్కడ మనం దాని పక్కనే ఉన్న ఒక చిన్న ప్రశ్న తీసుకుందాం. ఒకరి సామానులో ఏది విలువైనది, ఏది పనికిరానిది అని తేల్చే హక్కు ఎవరిది?

కాలనీ ఇంటి ప్లానులో పడకగది అని వేరే గీత గీసి ఉంటుంది. మన పాత ఇళ్ళలో ఆ పేరుతో గది ఉండేది కాదు. ఒక మూల పొయ్యి, ఇంకో మూల గింజల గుమ్మి, అటక మీద పొగ తగిలేలా కట్టిన విత్తనాల మూటలు, దండెం మీద బొంతలు, వాసాల్లో దోపిన విల్లు, గోడకు సొరబుర్రలు, పండుం రోజుల్లో మాత్రమే దిగే డోలు. రాత్రి చాపలు పరిస్తే అదే పడకగది. తాతమ్మలు మన భాషలో కథ చెప్పిందీ ఆ చీకట్లోనే. అందుకే మన ఇంట్లో పడుకునే చోటు సర్దడమంటే తిండిని, వేటను, పండుంను, భాషను ఒకేసారి మూట కట్టడం. ఆ మూటలో ఏదో ఒకటి జారిపోకుండా ఉండదు. ఏది జారినా మనకు తెలిసి జారాలి.

చట్టం ఈ సంగతిని కొంతవరకు గుర్తించింది. 2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూలు ప్రకారం, ఇల్లు ఖాళీ చేసే ప్రతి కుటుంబానికీ మనుషులను, ఇంటి కలపను, సామానును, పశువులను తరలించుకోవడానికి ఒకేసారి 50,000 రూపాయలు ఇవ్వాలి. మూడో షెడ్యూలు కొత్త ఊళ్ళో ఏమేం ఉండాలో చెబుతూ శ్మశానాన్ని, ఊరంతా కూర్చునే చెట్టు అరుగును కూడా లెక్కలో చేర్చింది. లారీలో పట్టనివి కొన్ని ఉంటాయని చట్టం రాసినవాళ్ళకు తెలుసన్నమాట. అన్నిటికన్నా మన ప్రశ్నకు దగ్గరగా ఉన్నది 38వ సెక్షను. సాగునీటి, జలవిద్యుత్తు ప్రాజెక్టుల కింద భూములు మునగడానికి ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలని అది చెబుతుంది.

ఆ ఆరు నెలలను చాలామంది ఆఫీసు గడువుగా చదువుతారు. మనం దాన్ని సర్దుకునే కాలంగా చదవాలి. 50,000 రూపాయలతో లారీ వస్తుంది, కూలీలు వస్తారు. ఏది ఎవరికివ్వాలో తేల్చుకునే తీరిక డబ్బుతో రాదు. ఒక ముసలమ్మ తన మూట విప్పి, ఒక్కొక్కటీ చూసి, మళ్ళీ కట్టుకోవడానికి పట్టే పొద్దులే ఆ తీరిక.

తీరిక లేకపోతే ఏమవుతుందో 2022 జూలైలో చూశాం. భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అంతకుమించిన వరద రికార్డు 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగులే. దిగువ గూడేల వాళ్ళు చేతికందింది పట్టుకుని గుట్టలెక్కారు. టార్పాలిన్ల కింద తల దాచుకున్నారు. ఆ రాత్రి “ముందు ప్రాణం దక్కించుకోండి, సామాను ఎక్కడికి పోతుంది” అన్నవాళ్ళ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ అదే మాట ఎన్నో ఏళ్ళ ముందు నుంచి తెలిసిన పునరావాసానికి వాడితే అన్యాయం అవుతుంది. వరద తొందర ఏటిది. కాగితాల మీద ఏళ్ళ తరబడి నడిచిన పనిలో చివరి రోజు పుట్టే తొందర మనుషులది. మనుషులు తెచ్చిపెట్టిన తొందరను ఏటి మీదికి నెట్టకూడదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. “పాత వస్తువుల మీద అంత మమకారం ఎందుకు? ఆదివాసులు మార్పును ఒప్పుకోరు” అని కొందరు అంటారు. మన చరిత్ర ఈ మాటను ఒప్పుకోదు. పోడు చేసుకున్న రోజుల్లో కొండరెడ్లు ఒక కొండవాలు నుంచి ఇంకో కొండవాలుకు ఇళ్ళు మార్చుకునేవారు. వెదురు తడికలు, తాటాకు కప్పు, నాలుగు కుండలు, విత్తనాలు. మారడం వాళ్ళకు కొత్త కాదు. వదిలేయడం అంతకన్నా కొత్త కాదు. అయితే ఎప్పుడు లేవాలో వాళ్ళే అనుకునేవారు. విడిచిన చోటు అదే అడవిలో ఉండేది. మామిడికాయల కాలంలో, చింతపండు కాలంలో పాత చోటికి వెళ్ళి చెట్టును పలకరించి రావచ్చు. వదిలేసిన చోటికి దారి మిగిలి ఉన్నప్పుడు మనిషి తేలిగ్గా వదలగలడు. నీళ్ళ కిందికి పోయే ఊరికి ఆ దారి ఉండదు. మన పెద్దవాళ్ళు ఇప్పుడు గుమ్మం దగ్గర ఆగిపోతున్నారంటే, మారడం చేతకాక కాదు, మళ్ళీ వచ్చి చూసుకునే వీలు లేక.

ఈ మాటలన్నీ ఆఫీసులకే చెబితే సగమే చెప్పినట్టు. రెండో సగం మన ఇంట్లో ఉంది. సామాను సర్దే రోజున బలం ఉన్నది కుర్రవాళ్ళకు. ట్రాక్టరు ఎక్కించేదీ వాళ్ళే. అమ్మమ్మ దాచిన చిల్లుపడ్డ సొరబుర్ర, సగం విరిగిన తిరగలి, మసిబారిన విత్తనాల మూట చూసి “ఇవెందుకే అవ్వా, కాలనీలో చోటు లేదు” అని పక్కకు విసిరేసే చెయ్యి కూడా ఒక్కోసారి మనవడిదే. సర్వేకు వచ్చిన మనిషి గోడలు కొలిచి, చెట్లు లెక్కబెట్టి, మిగిలిందానికి విలువ లేదని రాసుకుంటే మనకు కోపం వస్తుంది. ఆ కోపం న్యాయమైనదే. మరి అదే తూకం మనవడి చేతిలో ఉంటే దాన్ని న్యాయమని ఎలా అనగలం? బయటివాళ్ళ నుంచి మనం కోరుతున్న మర్యాద ఒకటే: అడిగి తీసుకోండి, అడిగి తేల్చండి. ఆ మర్యాద మొదట మన ఇంటి దండెం దగ్గర మొదలు కావాలి.

అలాగని అన్నీ మోయాలని మనం చెప్పడం లేదు. మోసినంత మాత్రాన ఏదీ బతకదు. విత్తనాల మూటనే చూడండి. జొన్న, సామ, కంది, చిక్కుడు కాలనీ ఇంటి అటక మీద ఏళ్ళ తరబడి ఉంటే మొలక చచ్చిపోతుంది. చేను లేని చోటికి వాటిని మోయడం కన్నా, ఇంకా చేను ఉన్న చుట్టం చేతిలో పెట్టడమే వాటిని కాపాడటం. మన భూమి పండుగలో విత్తనానికి మొక్కేది అది మొలవాలనే కదా. అయితే ఈ మాట ఆ మూట కట్టిన అవ్వ నోటి నుంచి రావాలి. ఆమె తన చేత్తో ఇస్తే అది దానం. ఆమెను అడక్కుండా మనం ఇచ్చేస్తే పోగొట్టడం. గింజలు అవే, చేరిన ఇల్లూ అదే. తేడా అంతా ఎవరు తేల్చారన్న దగ్గరే ఉంది.

అసలు కదలనివి కూడా ఉన్నాయి. పొయ్యి ఉన్న చోటు, పోయినవాళ్ళను ఉంచిన చోటు, వేల్పు చెట్టు. వీటిని ఎవరూ సర్దలేరు. కానీ వాటికి చెప్పి వెళ్ళవచ్చు. చుట్టాల ఇంటికి పోయినా చెప్పకుండా లేచి రాము కదా. పుట్టిన ఊరి నుంచి చెప్పకుండా ఎలా లేస్తాం? ఊరు ఖాళీ చేసే తేదీ ఖరారు చేసేటప్పుడు, ఆ మొక్కుకు కావలసిన రోజులు కూడా అందులో కలపమని గ్రామసభ అడగవచ్చు. మన ప్రాంతం ఐదో షెడ్యూలు కింద ఉంది. 1996 పెసా చట్టం మన ఆచారాలను, గుర్తింపును కాపాడే శక్తి గ్రామసభకు ఉందని చెబుతుంది. ఆ శక్తిని డబ్బు లెక్కలకే కాదు, వీడ్కోలుకు కూడా వాడుకోవాలి.

పిల్లల వాటా ఇంకొకటి మిగిలింది. ఆశ్రమ పాఠశాలలో చదివే పిల్లలు సెలవులకు వచ్చేసరికి ఇల్లు వేరే చోట ఉంటుంది. వాళ్ళ ఉండేలు, గూటిలో దాచుకున్న గురివింద గింజలు, పాత పలక ఎటుపోయాయో ఎవరూ చెప్పరు. చిన్న వస్తువులే కావచ్చు. నీదంటూ ఉన్నదాన్ని నిన్ను అడక్కుండా తీసేయవచ్చని పిల్లకు మొదట నేర్పేది ఆ రోజే. పెద్దయ్యాక భూమి విషయంలో ఆమె గట్టిగా నిలబడాలని కోరుకునేవాళ్ళం, ఆ గురివింద గింజల గురించి ముందే ఒక మాట అడగాలి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక పని చెబుతాం. మీ బడి పిల్లల చేత ఒక పట్టిక రాయించండి. వెంట తీసుకెళ్ళేవి, ఇతరులకు ఇచ్చేవి, వదిలేవి, అసలు మోయలేనివి అని నాలుగు గడులు. ఏది ఏ గడిలోకి వెళ్తుందో పిల్లలు తమంతట తాము రాయకూడదు. అవ్వను, తాతను అడిగి రాయాలి. వస్తువు పేరు మన భాషలో ఎలా పలుకుతారో అలాగే తెలుగు అక్షరాల్లో రాయించండి. తిరగలి రాకపోయినా తిరగలి పేరు వస్తుంది. ముంపు లేని గూడేల్లో కూడా ఈ పని చేయవచ్చు. చదువు కోసమో, ఉద్యోగం కోసమో ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు మూట కట్టుకుంటూనే ఉన్నారు.

ఇల్లు, చెట్టు, ఎకరం, వీటి విలువ మీద వాదనలు ఇంకా చాలాకాలం సాగుతాయి. ఒక్క విషయంలో మాత్రం మనం ఎవరి ఉత్తర్వు కోసమూ ఆగనక్కర్లేదు. పెద్దవాళ్ళ మూట పెద్దవాళ్ళ చేత విప్పించి, వాళ్ళు చెప్పినట్టు కట్టడానికి అనుమతి ఎవరి దగ్గరా తీసుకోవాల్సిన పని లేదు. పక్కన కూర్చుని అందించడానికి రెండు చేతులు, కొంచెం ఓపిక ఉంటే చాలు.