సలాం లేని ఖిద్మత్

అబ్బా పక్షవాతంతో మంచాన పడి ఉన్న పద్నాలుగు నెలల్లో మా భాయిజాన్ ఒక్కసారి కూడా ఆయనకు సలాం చెప్పలేదు. రోజూ ఇషా నమాజు అయ్యాక, వీధి సద్దుమణిగాక, వెనక తలుపు నుంచి వచ్చేవాడు. పక్క మార్చేవాడు. ఒళ్లు తుడిచేవాడు. వీపు మీది పుండ్లకు మందు రాసేవాడు. చెంచాతో జావ పట్టేవాడు. మాట మాత్రం లేదు. ఒక రాత్రి అబ్బా వంకరపోయిన నోటితో అడిగాడట, నాకు సలాం చెప్పవేంరా అని. "సలాం మనా హై అబ్బా, ఖిద్మత్ మనా నై" అన్నాడట భాయిజాన్. సలాం మీద నిషేధం ఉంది, సేవ మీద లేదు అని.

అబ్బా చేసిన నేరం మసీదు దుకాణాల కిరాయి లెక్క అడగటం. నాలుగు జుమ్మాలు వరసగా అడిగాడు. ఐదో జుమ్మా నాటికి జమాత్ పెద్దలు ఆయన్ని వెలేశారు. కాగితం లేదు, సంతకం లేదు. నోటి మాట. ఆయన సలాంకు జవాబు చెప్పకూడదు. దావత్‌లకు పిలవకూడదు. ఆ ఇంటి మయ్యత్‌కు భుజం పట్టకూడదు. కలిసినవాడికీ అదే శిక్ష. మన దీన్‌లో పూజారి లేడు, పోపు లేడు అని గొప్పగా చెప్పుకుంటాం. వెలెయ్యడానికి పోపే అక్కర్లేదు, మొహల్లాలో ఐదుగురు మోతుబరులు చాలు.

మాది నోటిమాట వెలి. దావూదీ బోహ్రాల్లో అది మతగురువు అధికారం. యుక్తవయసు రాగానే ప్రతివాళ్లూ సయ్యద్నాకు విధేయతగా మీసాఖ్ ప్రమాణం చెయ్యాలి. దాటితే బరాత్, అంటే సంబంధాలన్నీ తెంచెయ్యటం. దాన్ని ఆపడానికే 1949లో బొంబాయి రాష్ట్రం బహిష్కరణ నిషేధ చట్టం తెచ్చింది. 1962లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. మతం తన క్రమశిక్షణను తాను కాపాడుకునే హక్కు 26వ అధికరణం ఇచ్చిందని మెజారిటీ జడ్జీలు అన్నారు. ప్రధాన న్యాయమూర్తి బి.పి. సిన్హా ఒక్కరే కాదన్నారు. ఆ తీర్పు సరైనదేనా అన్న ప్రశ్నను 2023 ఫిబ్రవరిలో ఐదుగురు జడ్జీల ధర్మాసనం తొమ్మిదిమంది ధర్మాసనానికి పంపింది. ఈలోగా 2016లో మహారాష్ట్ర సాంఘిక బహిష్కరణను నేరం చేస్తూ చట్టం చేసింది.

కోర్టులు హక్కుల లెక్క తేలుస్తాయి. నేనడిగేది కొడుకు లెక్క. అబ్బా తప్పే చేశాడనుకుందాం. జమాత్‌కు వెలేసే హక్కూ ఉందనుకుందాం. అప్పుడైనా ఆ హుకుం కొడుకు మీద చెల్లుతుందా?

చెల్లదని చెప్పడానికి నేను ఫ్రెంచి తత్వవేత్తల దగ్గరికి పోనక్కర్లేదు. మా మక్తబ్‌లో చెప్పిన కథే చాలు. తబూక్ దండయాత్రకు రాకుండా ఉండిపోయిన ముగ్గురితో ఎవరూ మాట్లాడొద్దని స్వయంగా ప్రవక్తే ఆజ్ఞాపించారు. కాబ్ బిన్ మాలిక్ సలాం చెబితే సొంత చిన్నాన్న కొడుకు కూడా జవాబివ్వలేదు. నలభై రోజులయ్యాక భార్యలకు కూడా దూరంగా ఉండమన్నారు. అప్పుడు ఆ ముగ్గురిలో ముసలివాడైన హిలాల్ భార్య ప్రవక్త దగ్గరికి వెళ్లింది. ఆయన ముసలివాడు, చూసుకునే మనిషి లేడు, నేను సేవ చెయ్యకూడదా అని అడిగింది. చెయ్యమన్నారు. యాభై రోజులకు ముగ్గురికీ క్షమాపణ వచ్చింది. చూడండి, ఆ వెలికి ఒక గడువుంది, ఒక తలుపుంది. ముసలితనం ముందు అది ఆగింది. మా జమాత్ వెలికి ఈ మూడూ లేవు.

ఇంకో కథ. అస్మా బింత్ అబూబకర్ తల్లి ఇస్లాంలోకి రాలేదు. ఆ తల్లి కూతుర్ని చూడ్డానికి మదీనా వస్తే, నేను ఆమెను ఆదరించవచ్చా అని అస్మా అడిగింది. ఆదరించమన్నారు ప్రవక్త. ఖురాన్‌లో లుఖ్మాన్ సూరా చెప్పేదీ అదే. అమ్మానాన్నలు షిర్క్ చెయ్యమంటే మాట వినకు, కానీ లోకంలో వాళ్లతో మంచిగానే మెలుగు అంటుంది. విగ్రహాలను కొలిచే తల్లికే ఉన్న హక్కు కిరాయి లెక్క అడిగిన తండ్రికి లేకుండా పోతుందా?

మనిషి చనిపోతే జనాజా నమాజు ఫర్జె కిఫాయా. నలుగురు చదివితే అందరి బాధ్యతా తీరుతుంది. అమ్మానాన్నల సేవ ఫర్జె ఐన్. నీ బదులు ఇంకొకరు చేస్తే నీది తీరదు. సభ్యత్వం జమాత్ ఇచ్చింది, తీసుకోగలదు. తండ్రితనం జమాత్ ఇవ్వలేదు. ఇవ్వనిదాన్ని ఎలా తీసుకుంటుంది? వెలి అసలు దెబ్బ మనిషికి కాదు, కొడుకు చేతిని కర్రగా చేసి తండ్రిని కొట్టడంలో ఉంది.

ఇవన్నీ బయట చెప్పాలా అంటారు మావాళ్లు. 1992 తర్వాత మన మీద ఎన్ని కళ్లు పడ్డాయో చూశావుగా, ఇంటి గుట్టు శత్రువుకు అందిస్తావా అంటారు. నిజమే, ఆ భయం నాకూ తెలుసు. కానీ 1991లో చుండూరు దళితుల మీద పెట్టిన సాంఘిక బహిష్కరణ గురించి రాసింది ఈ కలమే. వాళ్లకైతే అన్యాయం, మాకైతే ఇంటి గుట్టు అని ఎలా రాయను?

భాయిజాన్‌ను చాలాకాలం పిరికివాడనుకున్నాను. నేను హైదరాబాద్‌లో పత్రిక ఉద్యోగిని. ఊరికి పోయి, పట్టపగలు ముందు తలుపు నుంచి లోపలికెళ్లి, వీధికి వినబడేలా "అస్సలాము అలైకుం అబ్బా" అనేవాణ్ని. నన్ను వెలేసేవాడెవడు? అతనికైతే అదే మొహల్లాలో దుకాణం ఉంది. పెళ్లికెదిగిన ఇద్దరు ఆడపిల్లలున్నారు. ఆ పద్నాలుగు నెలల్లో నేను ఏడుసార్లు వెళ్లాను. అతను ఒక్క రాత్రీ మానలేదు.

అబ్బా పోయిన రోజు ఇమాం రాలేదు. గుస్ల్ మేమిద్దరమే చేయించాం. జనాజా నమాజుకు భాయిజాన్ పట్టపగలు అందరి ముందు ఇమాంగా నిలబడ్డాడు. వెనక పదకొండుమందిమి. తర్వాత జమాత్ అతనికి జుర్మానా వేసింది, కట్టాడు. తౌబా చెయ్యమంది, చేశాడు. పిల్లల పెళ్లిళ్లయ్యాయి.

నా సలాం ధైర్యమా, ఖర్చులేని హోదానా అని ఇప్పుడు నన్ను నేనే అడుగుతున్నాను. అతని మౌన సేవ గొప్పదే. కానీ అబ్బా అడిగింది జావ కాదు, సలాం. ఒక కొడుకు చేతులిచ్చి గొంతు దాచుకోవాల్సి వచ్చింది. ఇంకో కొడుకు గొంతిచ్చి చేతులు దాచుకున్నాడు. మొదటి తప్పులో జమాత్‌కు వాటా ఉంది. రెండోది పూర్తిగా నాదే.