చక్రం ఎటు లాగుతున్నది?



ఏజెన్సీ కొండల్లోని విచారణలలో పాత ఫోర్‌వీల్ పికప్ బండి ఒక్కటున్నా ఊరంతటికీ అదే ఆధారం. సంతకు ధాన్యమైనా, ఆసుపత్రికి పురిటి నొప్పుల తల్లి అయినా అందులోనే వెళ్ళాలి. అలాంటి బండి ఒక పక్కకు లాగుతుంటే డ్రైవరు ఏం చేస్తాడు? స్టీరింగును రెండో పక్కకు బిగబట్టి నడుపుతాడు. నాలుగు రోజులకు అది చేతికి అలవాటవుతుంది. జబ్బు మాత్రం పోదు. టైరు అరుగుతూనే ఉంటుంది. ఒకనాడు ఘాట్ రోడ్డు మలుపులో అందరి ప్రాణాల మీదికీ వస్తుంది.

పని తెలిసిన మెకానిక్ ముందుగా టై రాడ్డు మీద చెయ్యి వేయడు. రెండు టైర్లలో గాలి సమానంగా ఉన్నదా అని చూస్తాడు. ముందు చక్రాలను కుడి ఎడమలకు మార్చి వేస్తాడు. లాగుడు కూడా పక్క మారితే తప్పు టైరుది. మారకపోతే బ్రేకు పట్టేసి ఒక చక్రం వేడెక్కుతున్నదేమో చూస్తాడు. తరువాత బండిని జాకీతో లేపి, కింద దిమ్మలు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపుతాడు. ఆడితే బేరింగు గాని, కింగ్ పిన్ను గాని అరిగినట్టు. రెండు పక్కలా పట్టి ఊపినప్పుడు ఆడితే టై రాడ్డు చివరి కీళ్ళను పరీక్షిస్తాడు. కమాను పట్టీల సెంటర్ బోల్టు విరిగితే ఇరుసు ఒక పక్క జరిగిపోతుంది. ముందు చక్రం నుండి వెనుక చక్రం దాకా రెండు వైపులా టేపు పెట్టి కొలిస్తే ఆ తేడా తెలిసిపోతుంది.

ఇవన్నీ బిగువుగా ఉన్న తరువాతనే అలైన్‌మెంట్. పాత జీపు రకం బండ్లలో ముందు ఇరుసు ఒకటే దిమ్మె. చక్రాల వాలు అందులోనే స్థిరపడి ఉంటుంది. టై రాడ్డు తిప్పి సరిచేయగలిగినది టో-ఇన్ ఒక్కటే. అంటే ముందు చక్రాల మధ్య దూరం వెనుక అంచుల కన్నా ముందు అంచుల దగ్గర సుమారు 1 నుండి 2 మిల్లీమీటర్లు తక్కువగా ఉండాలి. కీళ్ళు లూజుగా ఉండగా ఈ కొలత పెడితే మొదటి గుంటలోనే చెదిరిపోతుంది.

సహోదరులారా, మన కుటుంబాలలో జరుగుతున్నది ఏమిటి? బిడ్డ మాట వినకపోతే గొంతు పెంచుతాం. భార్యాభర్తల మధ్య మాట తగ్గితే మౌనాన్నే అలవాటు చేసుకుంటాం. అది స్టీరింగు బిగబట్టడమే. ఏ కీలు వదులైందో చూడం. పిల్లవాడితో కూర్చుని అన్నం తిని ఎన్నాళ్ళయింది? కుటుంబ ప్రార్థన ఎప్పుడు ఆగిపోయింది?

చక్రం మార్చి చూసే పరీక్ష మనకూ ఉన్నది. ఇంట్లో తగవు, పనిలో తగవు, గుడి సంఘంలోనూ తగవు అయితే, ఎక్కడికి పోయినా వెంట వస్తున్నది ఎవరు? కంటిలోని నలుసును, దూలాన్ని గురించి ప్రభువు చెప్పిన మాట ఇక్కడే మనల్ని తాకుతుంది.

ఈ వారం పాపసంకీర్తనానికి వెళ్ళే ముందు పొరుగువారి తప్పులు లెక్కించకండి. మీ చక్రాన్నే నాలుగు వైపులా పట్టి ఊపి చూడండి. వదులైన కీలును ప్రభువు చేతికి అప్పగించండి. మన బండిలో మనం ఒక్కరమే లేము. మన బిడ్డలు కూడా కూర్చుని ఉన్నారు.