మనుషుల గురించిన మాటలు, కథలు నేర్పే ఇంగ్లీషు

ఇంగ్లీషు నేర్చుకునేవారికి మొదటి మెట్టు దాటాక కొత్త రకం మాటలు ఎదురవుతాయి. బల్ల, కిటికీ, గొడుగు వంటి వాటికి ఇంగ్లీషు పేర్లను వేలు పెట్టి చూపిస్తూ నేర్పవచ్చు. సొసైటీ, రెస్పెక్ట్, ప్రిజుడిస్, డిగ్నిటీ, ట్రస్ట్ అనే మాటలకు వేలు పెట్టి చూపడానికి వస్తువేదీ ఉండదు. మనిషికీ మనిషికీ మధ్య నడిచే వ్యవహారానికి పెట్టిన పేర్లవి. ఒకరు మరొకరిని ఎలా పలకరించారో, ఎక్కడ కూర్చోమన్నారో, ఎవరి మాట విన్నారో, ఎవరి మాట వినలేదో తెలిస్తే తప్ప వాటి అర్థం పూర్తిగా అందదు. అలాంటి సంగతులన్నీ ఒకేచోట దొరికేది కథలోనే. అందుకే ఈ మాటలకు కథను మించిన బడి లేదు.

భాషాభ్యాసంలో మధ్యస్థాయి అంటే ఏమిటో చెప్పడానికి ఇప్పుడు ప్రపంచమంతటా వాడే కొలమానం ఒకటుంది. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన ఆ చట్రంలో ఏ1 నుంచి సీ2 వరకు ఆరు స్థాయిలున్నాయి. నడుమనున్న బీ1, బీ2 మధ్యస్థాయి. బీ1 చేరినవారు ఒక కథనో, చూసిన సినిమానో తమ మాటల్లో చెప్పగలగాలి, తమ అభిప్రాయానికి కారణం క్లుప్తంగా వివరించగలగాలి. బీ2లో వాదన విస్తరిస్తుంది. ఒక విషయానికున్న రెండు పక్షాలనూ ఎత్తిచూపగలగాలి. కథ చెప్పడం, సమాజం గురించి మాట్లాడడం, ఎదుటివారి పక్షాన్ని గుర్తించడం, ఈ మూడూ ఒకే దశలో కలిసి రావడం కాకతాళీయం కాదు. తన అవసరాలు చెప్పుకోవడానికి సరిపోయిన భాష ఇక్కడికి వచ్చేసరికి ఇతరుల గురించి మాట్లాడే భాషగా ఎదగాలి.

ఎన్ని మాటలు వస్తే ఎంత చదవగలరన్న లెక్కకు మన ఉపఖండంతో దగ్గర సంబంధం ఉంది. మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లీషువాడు ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. బెంగాలీ పిల్లలు ఏళ్ల తరబడి ఇంగ్లీషు చదివినా ఒక పుస్తకాన్ని సుఖంగా చదవలేకపోవడం ఆయన గమనించాడు. వాచకాల్లో అరుదైన మాటలు ఎక్కువై, కొత్త మాటలు ఒకదాని వెంట ఒకటి వచ్చిపడుతుండడమే కారణమని తేల్చాడు. తన పరిశీలనలను 1926లో పుస్తకంగా ప్రచురించాడు. తరచుగా వాడే మాటలతోనే కథలను తిరగరాసి, కొత్త మాటను కొంత ఎడం ఇచ్చి ప్రవేశపెట్టి, అదే మాట మళ్లీ మళ్లీ తగిలేలా వాచకాలు తయారుచేశాడు. ఆయన పేరుతో 1953లో వెలువడిన జనరల్ సర్వీస్ లిస్ట్‌లో సుమారు 2,000 ముఖ్యపదాలున్నాయి. మామూలు ఇంగ్లీషు రచనల్లో నూటికి ఎనభై మాటల దాకా ఆ జాబితాలోవే. అయితే ఎనభై శాతంతో కథ నడవదు. నిఘంటువు తెరవకుండా కథ అర్థం కావాలంటే నూటికి తొంభై ఎనిమిది మాటలు తెలిసి ఉండాలని, అంటే యాభై మాటలకు ఒకటి మించి తెలియనిది ఉండకూడదని, 2000లో వెలువడిన హు, నేషన్‌ల పరిశోధన సూచించింది. ఈ రెండు అంకెల మధ్య దూరమే మధ్యస్థాయి. ఇక్కడ నేర్చుకోవలసిన మాటల్లో సమాజానివీ, మనసువీ ఉంటాయి.

ఆ దూరాన్ని జాబితా బట్టీపట్టి దాటాలని చాలామంది ప్రయత్నిస్తారు. పరీక్షల గైడ్లలో ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు అర్థం ఉంటాయి. రెస్పెక్ట్ అంటే గౌరవం అని రాసుకున్న విద్యార్థికి ఆ మాట సగమే వచ్చినట్టు. మాట అర్థం దాని పొరుగు మాటలను బట్టి తెలుస్తుందని భాషాశాస్త్రవేత్త జె.ఆర్. ఫర్త్ చెప్పిన సంగతి ఇక్కడ పూర్తిగా వర్తిస్తుంది. తెలుగులో గౌరవం ఇస్తాం, పుచ్చుకుంటాం, నిలబెట్టుకుంటాం. ఇంగ్లీషులో గౌరవాన్ని ‘షో’ చేస్తారు, నడవడితో ‘ఎర్న్’ చేస్తారు, పొరపాటు చేస్తే ‘లూజ్’ చేసుకుంటారు. ఒకరిని ఆదర్శంగా చూస్తే ‘లుక్ అప్ టు’, చులకనగా చూస్తే ‘లుక్ డౌన్ ఆన్’. ‘టేక్ ఫర్ గ్రాంటెడ్’ అనే పలుకుబడికి గైడులో ఏ అర్థం రాసినా సరిపోదు. రోజూ తెల్లవారకముందే వీధి ఊడ్చి వెళ్లే పారిశుద్ధ్య కార్మికురాలిని ఆ వీధివాళ్లు ఎవరూ పట్టించుకోరు. ఆమె నాలుగు రోజులు రాకపోతే అందరికీ గుర్తొస్తుంది. ఆ వీధి ఆమెను చూసిన తీరుకే ఇంగ్లీషులో ఆ పేరు. ఇలా చెప్పినప్పుడు పలుకుబడితో పాటు ఒక మనిషి కూడా విద్యార్థికి కనిపిస్తుంది.

రవీంద్రనాథ్ టాగోర్ 1892లో బెంగాలీలో రాసిన ‘కాబూలీవాలా’ ఇంగ్లీషు అనువాదంలో భారతీయ విద్యార్థులు తరతరాలుగా చదువుతున్న కథ. అందులో ఈ మాటలు ఎలా పనిచేస్తాయో దగ్గరగా చూడవచ్చు. కలకత్తాలో ఎండు ద్రాక్ష, బాదం పప్పు అమ్ముకునే రహమత్ అనే అఫ్గాన్‌కు ఐదేళ్ల మినీతో స్నేహం కుదురుతుంది. అతని సంచిలో తనలాంటి పిల్లలున్నారని మొదట మినీ భయపడుతుంది. ఆ భయం ‘ఫియర్’. పిల్లల్ని ఎత్తుకుపోయే పరదేశులున్నారని విని, రహమత్ ఏ తప్పూ చేయకముందే అతని మీద ఒక కన్నేసి ఉంచమని తల్లి భర్తకు చెబుతుంది. అది ‘సస్పిషన్’. ఆ అనుమానానికి వెనక, మనిషిని చూడకముందే అతని జాతిని బట్టి ఏర్పరచుకున్న అభిప్రాయం ‘ప్రిజుడిస్’. పాప భయం పరిచయంతో పోయింది. తల్లి అనుమానం పరిచయమయ్యాక కూడా పోలేదు. మూడు మాటల మధ్య ఉన్న తేడా ఇద్దరు మనుషుల నడవడిలో తేలిపోయింది.

బాకీ ఎగ్గొట్టినవాణ్ని కత్తితో పొడిచి జైలుకు వెళ్లిన రహమత్, ఏళ్ల తర్వాత మినీ పెళ్లిరోజున తిరిగి వస్తాడు. ఈరోజు వీలుపడదని తండ్రి పంపించేయబోతాడు. పాప కోసం తెచ్చిన పళ్లకు డబ్బు ఇవ్వబోతే రహమత్ పుచ్చుకోడు. అమ్మడానికి రాలేదని, తన ఇంట్లోనూ అలాంటి కూతురుందని చెప్పి, చొక్కా లోపలి నుంచి నలిగిన కాగితం తీసి విప్పుతాడు. దాని మీద మసి పూసి అద్దిన ఒక చిన్న చేతి గుర్తు ఉంటుంది. డబ్బు వద్దన్న ఆ క్షణానికి ‘డిగ్నిటీ’ అని పేరు. ఎదురుగా ఉన్నవాడు పళ్లమ్ముకునేవాడనో జైలు నుంచి వచ్చినవాడనో కాక తనలాంటి ఒక తండ్రి అని మినీ తండ్రి గ్రహించిన క్షణానికి ‘ఎంపతీ’ అని పేరు. అతను పెళ్లి దీపాలూ బ్యాండు మేళమూ మానుకుని, ఆ డబ్బు ఇచ్చి రహమత్‌ను కూతురి దగ్గరికి పంపిస్తాడు. మనిషికి విలువ ఇవ్వడమంటే తనదైనది కొంత వదులుకోవడమని విద్యార్థికి ఇంతకన్నా స్పష్టంగా చెప్పే నిర్వచనం ఉండదు.

‘పిటీ’, ‘సింపతీ’, ‘ఎంపతీ’ అనే మూడింటి దగ్గర తెలుగు విద్యార్థులు తరచుగా తడబడతారు. మొదటిది జాలి, అందులో చూసేవాడు కాస్త ఎత్తున ఉంటాడు. రెండోది సానుభూతి, ఎదుటివారి కష్టానికి బాధపడడం. మూడోది ఆ కష్టం వారికి ఎలా ఉందో వారి చోటు నుంచి ఊహించడం. ఈ మూడో మాట ఇంగ్లీషులోకి చాలా ఆలస్యంగా వచ్చింది. ఒక జర్మన్ మాటకు సమానంగా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టిచెనర్ 1909లో దాన్ని వాడుకలోకి తెచ్చాడు. మొదట్లో కళను చూసేవారి అనుభవాన్ని వివరించడానికి పుట్టిన భావన అది. తర్వాత మనుషుల మధ్యకు వచ్చింది.

కథ మనిషిని దగ్గర చేసినట్టే దూరమూ చేయగలదు. నైజీరియా రచయిత్రి చిమమాండా ఎన్‌గోజీ అడీచీ 2009లో చేసిన ‘ద డేంజర్ ఆఫ్ ఎ సింగిల్ స్టోరీ’ అనే ప్రసంగం దీన్నే వివరిస్తుంది. ఆమె భాష తేట, వాక్యాలు చిన్నవి. మధ్యస్థాయి విద్యార్థులు కొద్దిపాటి సాయంతో అనుసరించగలరు. చిన్నప్పుడు తమ ఇంటికి పనికి వచ్చిన కుర్రాడి కుటుంబం చాలా పేదదన్న సంగతి ఒక్కటే తల్లి ద్వారా ఆమెకు తెలుసు. ఒకసారి ఆ ఇంటికి వెళ్తే, రంగులద్దిన నారతో ఆ కుర్రాడి సోదరుడు అల్లిన అందమైన బుట్ట చూపించారు. ఆ ఇంట్లోవాళ్లు చేతిపని ఎరిగినవాళ్లన్న ఆలోచన అంతవరకు ఆమెకు తట్టనే లేదు. తర్వాత అమెరికాలో చదువుకుంటున్నప్పుడు, ఆఫ్రికా నుంచి వచ్చిన అమ్మాయికి ఇంత మంచి ఇంగ్లీషు ఎలా వచ్చిందని గదిలో తోడున్న అమ్మాయి ఆశ్చర్యపోయింది. తాను ఆ కుర్రాడి ఇంటిని చూసినట్టే తననూ చూశారు. ‘స్టీరియోటైప్’ అనే మాటకు ఈ రెండు సంఘటనలకు మించిన వివరణ అక్కర్లేదు. స్టీరియోటైప్ అబద్ధమే కానక్కర్లేదు, ఆ కుటుంబం నిజంగానే పేదది. ఒక్క నిజం పట్టుకుని మిగతావన్నీ చూడకపోవడమే అక్కడి తప్పు.

సమాజానికి సంబంధించిన మాటలకు ఇంకో గుణం ఉంది. అవి ఎవరి నోటి నుంచి, ఎవరి గురించి వస్తున్నాయన్నదాన్ని బట్టి బరువు మారుతుంది. రేమండ్ విలియమ్స్ 1976లో ప్రచురించిన ‘కీవర్డ్స్’ అనే పుస్తకం కల్చర్, సొసైటీ, కమ్యూనిటీ వంటి మాటల అర్థాలు చరిత్రతో పాటు ఎలా మారుతూ వచ్చాయో చూపింది. వైకల్యం ఉన్నవారిని పిలిచే ‘హ్యాండీక్యాప్డ్’ అనే మాట క్రమంగా తొలగిపోయింది. 2006లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన ఒప్పందంలోనూ, 2016 నాటి భారతీయ చట్టంలోనూ మనిషిని ముందు చెప్పి వైకల్యాన్ని తర్వాత చెప్పే ‘పర్సన్స్ విత్ డిజెబిలిటీస్’ అనే మాటే ఉంది. తెలుగునాట ఇతరులు పెట్టిన ‘హరిజనులు’ అనే పేరు వెనక్కి తగ్గి, ఆ వర్గాలవారు తామే ఎంచుకున్న ‘దళితులు’ అనే మాట నిలబడింది కూడా ఇదే న్యాయంతో. ఒక సమూహాన్ని ఏమని పిలవాలో చెప్పే హక్కు మొదట ఆ సమూహానిదే. ఏ భాష నేర్చుకునేవారికైనా ఇది మర్యాద పాఠం, పదజాల పాఠం కూడా.

మర్యాద విషయంలో రెండు భాషల దారులు వేరు. తెలుగులో గౌరవం వ్యాకరణంలోనే ఉంది. నువ్వు, మీరు, గారు, రండి, కూర్చోండి అనడంతోనే ఎదుటివారి స్థానం తెలిసిపోతుంది. ఇంగ్లీషులో చనువుగా పిలిచే ‘దౌ’ మామూలు వాడుక నుంచి ఎప్పుడో తప్పుకుంది. చిన్నవారికీ పెద్దవారికీ ‘యూ’ ఒక్కటే మిగిలింది. అందువల్ల ఇంగ్లీషులో మర్యాద అడిగే తీరులో ఉంటుంది. ‘కుడ్ యూ’, ‘వుడ్ యూ మైండ్’ అంటూ అడిగితే కాదనే వీలు ఎదుటివారికి మిగులుతుంది. తెలుగు అలవాటు ప్రకారం ప్రతి వాక్యంలో ‘సర్’ చేర్చి నేరుగా ‘గివ్ మీ’ అంటే, గౌరవం ఉన్నా వినేవారికి ఆజ్ఞలా తోస్తుంది.

ఈ మాటలు నేర్చుకునే పద్ధతి కథను అంటిపెట్టుకునే ఉండాలి. తన స్థాయికి తగిన కథను మొదట ఆగకుండా చదవాలి. రెండోసారి చదువుతూ మనుషుల నడవడిని చెప్పే మాటలను అవి వచ్చిన వాక్యంతో సహా నోటు పుస్తకంలో ఎక్కించాలి. తర్వాత కథను పుస్తకం మూసి చెప్పాలి. ఆపైన అదే కథను మరో పాత్ర వైపు నుంచి చెప్పాలి, కాబూలీవాలాను మినీ తల్లి చెబితే ఎలా ఉంటుందో, రహమత్ చెబితే ఎలా ఉంటుందో. చెప్పేవారు మారగానే ‘డేంజరస్’ అన్న మాట పక్కకు పోయి ‘లోన్లీ’ అన్న మాట వస్తుంది. నేర్చుకున్నది ఎంత వేగంగా మరుపున పడుతుందో హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే ప్రయోగాలతో చూపాడు కాబట్టి, రాసుకున్న మాటలను మర్నాడు, వారానికి, నెలకు మళ్లీ వాడుతూ ఉండాలి. విద్యార్థులు పరీక్ష కోసం సారాంశం చూసి పక్కన పెట్టే నాన్ డీటెయిల్డ్ కథల పుస్తకం ఈ పనికి చక్కగా సరిపోతుంది.

భాష నేర్చుకోవడమూ ఆ భాష మాట్లాడేవారికి విలువ ఇవ్వడమూ ఒకటే పని అనడానికి తెలుగువారికి గిడుగు రామమూర్తి ఉదాహరణ. పర్లాకిమిడిలో చరిత్ర ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన గిరిజనులైన సవరల భాష నేర్చుకున్నారు. వారి పాటలు, కథలు వారి నోటనే విని సేకరించారు, వారి పిల్లల కోసం వాచకాలు రాశారు, బడులు పెట్టించారు. సవర వ్యాకరణాన్ని వివరించే ఆయన ఇంగ్లీషు గ్రంథం 1931లో అచ్చయింది. అందరూ చిన్నచూపు చూసిన మనుషుల దగ్గర శిష్యుడిగా కూర్చున్నందువల్లే ఆయనకు ఆ భాష పట్టుబడింది.

అదే విలువ ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకూ దక్కాలి. తెలుగు మీడియం నుంచి వచ్చిన అమ్మాయి ‘రెస్పెక్ట్’ అనే మాటను తప్పు ఉచ్చారణతో పలికినప్పుడు తరగతి నవ్వితే, ఆ మాట ఆ గదిలో ఎవరికీ రానట్టే లెక్క. ఆమె తన ఊరి మనిషి కథ ఒకటి వచ్చీరాని ఇంగ్లీషులో చెబుతుంటే చివరిదాకా విని, దిద్దవలసింది తర్వాత దిద్దే ఉపాధ్యాయులు పదజాలాన్ని సరైన చోట నేర్పుతున్నారు. ఈ మాటలు వచ్చాయో లేదో తేల్చడానికి అర్థాలు అడగడం చాలదు. తనకన్నా భిన్నమైన ఒక మనిషి గురించి, ఆ మనిషే వింటే న్యాయంగా ఉందని ఒప్పుకునేలా పది వాక్యాలు చెప్పగలిగిన విద్యార్థికి అవి వచ్చినట్టే.