క్రొత్త పనిముట్టు – పాత సాక్ష్యము

ధ్యాన భాగము: ఆదికాండము 37:31–35, నిర్గమకాండము 20:16



ఒక మనిషి ఫొటోను దిద్దుట తప్పా, ఒప్పా? దిద్దెడు పనిముట్టు ఏటేటా బలపడుచుండగా మన మనస్సాక్షియు దానితోకూడ బలపడవలదా? ఈ మాసము ఈ రెండు ప్రశ్నలను మీ యెదుట ఉంచగోరుచున్నాను. ఇవి పట్నవాసుల ప్రశ్నలని త్రోసివేయకుడి. మన ఊరి సెంటరులోను ఫొటో స్టూడియో ఉన్నది. పెండ్లి ఆల్బము, జ్ఞాపకార్థ కూడికకు కట్టు ఫ్లెక్సీ, సంబంధము కొరకు పంపు ఫొటో – ఇవన్నియు అక్కడి కంప్యూటరులోనుండి వచ్చినవే.

తెలుగునాట ఈ పనికి పెద్దపీట హైదరాబాదులోని ఫిల్మ్ నగర్. ఫిలిం ఛాంబరు, రామానాయుడు స్టూడియో అక్కడ ఉన్నవి. సినిమాపని చుట్టు పోస్టరుపని అల్లుకొనియుండును. పూర్వము అది కుంచె పని. పాలకొల్లులో పుట్టిన చిత్రకారుడు ఈశ్వర్ గారు 1967లో బాపుగారి 'సాక్షి' చిత్రముతో ఆ పనిలో అడుగుపెట్టి, ఎన్నెన్నో చిత్రములకు పోస్టర్లు కూర్చి, 2021లో కన్నుమూసిరి. కుంచెతో తీర్చిన కథానాయకుని చూచి అది బొమ్మయని ఎరుగనివారెవరు? నేటి పోస్టరు ఫొటోవలెనే కనబడును. ఫొటోను మనము కండ్లారా చూచినదానివలె నమ్ముదుము. చిక్కంతయు అచ్చటనే ఉన్నది.

ఫొటోషాప్ అను ఆ సాధనమునకు సినిమావారితో పుట్టుకనుండియే చుట్టరికము కలదు. అమెరికాలో థామస్ నోల్ అను విద్యార్థి 1987లో దానిని వ్రాయ మొదలుపెట్టెను. అతని సహోదరుడు జాన్ నోల్ సినిమాలకు మాయాదృశ్యములు కల్పించు కంపెనీలో పనివాడు. అడోబీ కంపెనీ 1990లో దానిని విపణికి తెచ్చెను. 1994లో వచ్చిన మూడవ కూర్పులో పొరల పద్ధతి వచ్చెను. అనగా అసలు ఫొటో అడుగున చెక్కుచెదరకుండ ఉండగా, మార్పులన్నియు పైన వేరు పొరలమీద చేయవచ్చును. 2002లో వచ్చిన ఏడవ కూర్పు, ముఖముమీది మచ్చను చుట్టునున్న చర్మపు పోలికతో కప్పు కుంచెను తెచ్చెను. 2010 నాటి కూర్పులో, ఒక మనిషిని చుట్టి తీసివేసినయెడల, వెనుకనుండదగిన గోడను, చెట్టును అదే ఊహించి ఆ చోటు నింపును. 2023లో వచ్చినదానికి చేతిపనియు అంతగా అక్కరలేదు. ఇక్కడ తోట కావలెనని మాటలలో వ్రాసిన చాలును, తోట వచ్చును.

ప్రతి మెట్టునను శ్రమ తగ్గెను. పనివాని నడుము నొప్పి తగ్గుట మేలే. అయితే ఆ శ్రమ మనకు చేయుచుండిన ఉపకారమొకటి కలదు. ఫిలిము కాలమున స్టూడియోవారు నెగటివుమీద సన్నని పెన్సిలుతో ముఖపు ముడుతలు దిద్దెడివారు. అది ఓపికతో, నిదానముగా చేయవలసిన పని. అంతసేపు ఒకని ముఖముమీద వంగి కూర్చున్నవాడు, నేను చేయుచున్నదేమని ఒక్కసారియైనను తన్ను తాను అడుగుకొనును. ఆ ఆలస్యము చేనికి కంచెవంటిది. కంచె దున్నదు, విత్తదు. అయినను పశువును నిలుపును. క్రొత్త కూర్పు ఆ కంచెను పెరికివేసెను. ఇక నిలువవలసినది మనస్సాక్షి ఒక్కటే.

ఒక ఉదాహరణము ఆలోచించుడి. పొలము తగవువలన విడిపోయిన అన్నదమ్ములు మన పల్లెలలో కొదువ లేరు. తండ్రి చనిపోయిన పిమ్మట పెద్దవాడు పాత కుటుంబ ఫొటోను స్టూడియోకు తెచ్చి, "తమ్ముణ్ణి తీసేసి పెద్దది చేయి బాబూ" అనెననుకొందము. పూర్వమైతే కత్తెర పట్టవలెను. కత్తెర కోసినచోట ఖాళీ మిగులును. ఒకనాడు మనుమడు ఆ ఖాళీమీద వ్రేలుపెట్టి, "తాతా, ఇక్కడ ఎవరున్నారు?" అని అడుగును. ఆ పసివాని ప్రశ్నవలన ఆ ఇంట సమాధానము కలిగినను కలుగవచ్చును. ఇప్పుడో, తమ్ముడు నిలిచినచోట గోడ వచ్చును. తండ్రి భుజముమీదనున్న అతని చెయ్యి పోయి, అచ్చట చొక్కా మడత వచ్చును. ఖాళీ లేదు గనుక అడుగువాడును లేడు. మనిషిని తీసివేయుట ఒక అన్యాయము. అతడు లేని లోటునుకూడ తీసివేయుట రెండవ అన్యాయము.

ఈ దోషము కంప్యూటరుతో పుట్టినది కాదు. 1937లో రష్యాలో స్టాలినుతోకూడ మాస్కో కాలువ గట్టున నడచుచున్న యెజోవ్ అను అధికారి ఫొటో తీయబడెను. అతడు పదవి పోగొట్టుకొని 1940లో మరణశిక్ష పొందెను. పిమ్మట ఆ ఫొటోలో అతడు నిలిచినచోట కాలువ నీరు మాత్రమే కనబడునట్లు దిద్దిరి. ఆ దినములలో ప్రభుత్వములకు సాధ్యమైన పని నేడు ఊరి కుర్రవాని చేతిలోనికి వచ్చెను. భేదమంతే.

అట్లని దిద్దుట అంతయు దోషమనరాదు. ఆధార్ కార్డుమీద తప్ప వేరొక ఫొటో లేని పేద అవ్వ ఒకతె చనిపోయెననుకొందము. పిల్లలు ఆ మసక ముఖమును స్పష్టము చేయించి గోడకు తగిలించుకొనినయెడల ఎవరికి నష్టము? చిరిగిన ఫొటోను అతుకుట చిరిగిన వస్త్రమును కుట్టుటవంటిది. సినిమా సంగతియు వేరు. 1957లో కె. వి. రెడ్డిగారు తీసిన 'మాయాబజార్'లో ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చును. మోసపోవువారు తెరమీదివారే గాని మనము కాము. అది మాయయని మనకు ముందే తెలిపియున్నారు. ఆ నలుపు తెలుపు చిత్రమునకు హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ సంస్థవారు రంగులద్దగా 2010 జనవరిలో అది మరల విడుదలయ్యెను. రంగులు తరువాత వేసినవని చెప్పియే వేసిరి. పాత ప్రతియు నిలిచియున్నది. అందు రుచిభేదము ఉండవచ్చును గాని అబద్ధ సాక్ష్యము లేదు.

మరి గీత ఎక్కడ గీయవలెను? యోసేపు అంగీని జ్ఞాపకము చేసికొనుడి. సహోదరులు తండ్రితో, అతడు చచ్చెనని నోట పలుకలేదు. అంగీ నిజముగా యోసేపుదే. దానిమీదిది నిజమైన రక్తమే, అయితే మేకపిల్లది. గుర్తుపట్టుమని తండ్రినే అడిగిరి. రెండు నిజములను ఒకచోట చేర్చి ఒక అబద్ధమును కూర్చిరి. ఆ అబద్ధమును తండ్రి నోటనే పలికించిరి. యాకోబు దానిని నమ్మి ఏండ్ల తరబడి దుఃఖించెను. మేకపిల్లల చర్మము చేతులకు కప్పుకొని, చూపు మందగించిన తండ్రిని నమ్మించినవాడు ఈ యాకోబే గదా (ఆదికాండము 27). కావున అబద్ధ సాక్ష్యమును గూర్చిన ఆజ్ఞ నాలుకకు మాత్రమే గాక చేతికిని చెందును.

నాకు తోచిన గీత ఇది: ఈ ఫొటోను చూచువాడు దానిని నమ్మి ఏదైన నిర్ణయము చేసికొనునా? ఆ నిర్ణయమువలన అతనికిగాని మరియొకరికిగాని హాని కలుగునా? కలుగునట్లయిన, మచ్చ ఎంత చిన్నదైనను దిద్దరాదు. వరునివారికి పంపు ఫొటోలో ఆడపిల్ల చామనఛాయను తెలుపు చేయించుట మనలో మామూలైపోయెను. అది వరునివారిని మోసపుచ్చుట. అంతకంటె, నీవున్నట్లుండిన చాలదని కన్నవారే ఆ బిడ్డతో చెప్పుట. ఆ గాయమును ఏ కుంచెయు మాన్పలేదు.

హాని ఎంత దూరము పోవునో 2023 నవంబరులో దేశమంతయు చూచెను. తెలుగు చిత్రములలో పేరుపొందిన రష్మిక మందన్న గారి ముఖమును మరియొక స్త్రీ వీడియోకు అతికించి వ్యాపింపజేసిరి. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరు జిల్లా యువకుని ఒకనిని పట్టుకొనిరి. తన అభిమానుల పేజీకి చూచువారిని పెంచుకొనుటకే అతడు దానిని చేసెనని వారు చెప్పిరి. ఇద్దరు స్త్రీల గౌరవమును ఆ లెక్కతో తూచుటకు సాహసించిన లోకమిది. మన కుమారులు కుమార్తెలు ఈ లోకములోనే ఫోను పట్టుకొని తిరుగుచున్నారు.

క్రొత్త కూర్పు కొనుటలో ఇంకొక సంగతి కలదు. 2013 నుండి అడోబీవారు తమ క్రొత్త కూర్పులను ఒక్కమారు వెలకు అమ్ముట మాని, అద్దెవలె సొమ్ము కట్టించుకొనుచున్నారు. చిన్న స్టూడియోవానికి అది బరువే. అందుచేత దొంగప్రతి పెట్టుకొనువారు ఉన్నారు. అందరు చేయుచున్నదే గదా అందురు. తెలిసి తెలిసి దొంగప్రతిని కంప్యూటరులో వాడుట కాపీరైటు చట్టము 63-బి సెక్షను క్రింద నేరము. చట్టము సంగతి అటుంచుడి. పొరుగువాని కష్టమును వెల ఇయ్యక వాడుకొనుట పొలములో తప్పయినప్పుడు కంప్యూటరులో ఒప్పెట్లగును? పేదవానికి మార్గము లేకపోలేదు. అమెరికాలో ఇద్దరు విద్యార్థులు 1995లో మొదలుపెట్టిన జింప్ అను సాధనము నేటికిని వెల లేకుండ దొరకును. పాత కూర్పును న్యాయముగా కొన్నవాడు, పని జరుగుచున్నంతకాలము దానితోనే తృప్తిపడవచ్చును. క్రొత్తది లేనివాడు వెనుకబడినవాడు కాడు.

కావున ప్రియులారా, స్టూడియో పనిచేయు మన యువకులకును, ఫొటో తీయించుకొను మనకందరికిని నా మనవి ఇది. మొదటిది, అసలు ప్రతిని ఎన్నడును చెరుపకుడి. పొరల పద్ధతి అందుకే ఉన్నది. రెండవది, దిద్దినయెడల దిద్దితిమని చెప్పుటకు సిగ్గుపడకుడి. చెప్పుటకు సిగ్గయినది చేయకుడి. ఫొటోలో ఏమి మార్చిరో దానిలోనే వ్రాసియుంచు ఏర్పాటునకై 2019లో అడోబీయు, న్యూయార్క్ టైమ్స్ పత్రికయు, ట్విట్టరును కలిసి ప్రయత్నము ఆరంభించెను. అంత పెద్దవారికే అక్కరయని తోచినది మనకు అక్కర కాదా? మూడవది, ఒకరి అనుమతి లేక వారి ముఖమును ముట్టకుడి.

ఇక ఇంటనున్న పాత ఫొటోలో, మీతో మాటలాడని సహోదరుడు నిలిచియుండినయెడల, అతనిని అక్కడనే నిలువనియ్యుడి. దిద్దవలసినది ఆ ఫొటో కాదు.