చావు లేని ఆట ఉంటుందా?

"మామా, ఈసారైనా ఆమె బతుకుతదా?"

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా మేనల్లుడు అడిగిన ప్రశ్న ఇది. వాడు అడిగింది వీడియో గేమ్‌లోని ఒక పూలమ్మాయి గురించి. నవ్వి వదిలేయకండి మిత్రులారా. ఆసుపత్రి వరండాలో నిలబడి మనం అడిగేది కూడా ఈ ప్రశ్నే కదా.

ఆ గేమ్ పేరు ఫైనల్ ఫాంటసీ సెవెన్. 1997లో జపాన్‌కు చెందిన స్క్వేర్ సంస్థ ప్లేస్టేషన్ కోసం విడుదల చేసింది. అందులో మిడ్గార్ అనే నగరం ఉంటుంది. పెద్ద ఇనుప పలక మీద ఉన్నోళ్లు బతుకుతారు, ఆ పలక కింద బస్తీల్లో లేనోళ్లు బతుకుతారు. షిన్రా అనే కరెంటు కంపెనీ భూమి ప్రాణాన్నే తోడి అమ్ముకుంటుంది. ఆ బస్తీలో పూలమ్ముకునే అమ్మాయి ఏరిత్. క్లౌడ్ అనే కిరాయి సైనికుడితో, అతని జట్టుతో కలిసి నడుస్తుంది. మూడు డిస్కుల ఆటలో మొదటి డిస్కు చివర, ఆమె ప్రార్థన చేస్తుండగా సెఫిరోత్ అనేవాడు పైనుంచి దూకి కత్తితో పొడిచేస్తాడు.

బి.ఏ. చదివే రోజుల్లో ఒక దోస్తు గదిలో, పాత కంప్యూటర్ మీద ఇద్దరం ఈ ఆట ఆడాం. ఆ ఘట్టం వచ్చినప్పుడు మాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఎందుకంటే ఆ ఆటలో పడిపోయినవాళ్లను లేపడానికి మందు ఉంది. పోరాటంలో ఎవరు కూలినా 'ఫీనిక్స్ డౌన్' వాడితే లేచి నిలబడతారు. మా సంచిలో అవి బోలెడున్నాయి. ఆమెకు ఒక్కటి కూడా వాడనియ్యరు! చాలా దేశాల్లో ఆటగాళ్లు ఏళ్ల తరబడి ఆమెను బతికించే రహస్య దారి కోసం వెతికారు. రకరకాల పుకార్లు పుట్టాయి. అలాంటి దారి లేదు.

కిసాగోతమి కథ మనకు తెలిసిందే. చనిపోయిన బిడ్డను ఎత్తుకుని మందు కోసం తిరిగిన తల్లిని, చావు ఎరగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మన్నాడు బుద్ధుడు. ఆవాలు ప్రతి ఇంట్లో ఉన్నాయి. చావు ఎరగని ఇల్లే దొరకలేదు. ఆ ఆటగాళ్ల వెతుకులాట కూడా అలాంటిదే.

2020 ఏప్రిల్‌లో అదే కథను కొత్త హంగులతో 'రీమేక్' పేరుతో తెచ్చారు. అది మిడ్గార్ వరకే నడుస్తుంది. ఇందులో ముసుగు దయ్యాల్లాంటి ఆకారాలు కొత్తగా వచ్చాయి. కథ పాత దారి తప్పబోయినప్పుడల్లా అవి గుంపుగా వచ్చి మళ్లీ ఆ దారిలోకి నెట్టేస్తాయి. వాటిని చూసి నాకు నేనే గుర్తొచ్చాను. పాత ఆట ఆడిన మాలాంటోళ్లకు అంతా అప్పటిలాగే ఉండాలి, అదే పాట, అదే సందు, అదే మాట. అదే నోటితో, ఆమె మాత్రం చావకూడదు అంటాం. గతం మొత్తం తిరిగి కావాలి, అందులోని దుఃఖం మాత్రం వద్దు. తృష్ణ అంటే ఇంతకన్నా వేరే ఏముంది?

2024 ఫిబ్రవరిలో రెండో భాగం 'రీబర్త్' వచ్చింది. సెలవుల్లో మేనల్లుడు ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. ఆ ఘట్టం మళ్లీ వచ్చింది. క్లౌడ్ కత్తిని అడ్డుకున్నట్టే కనిపిస్తుంది. వాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మరుక్షణం నెత్తురు. చివరికి జట్టంతా కుమిలిపోతుంటే, క్లౌడ్ ఒక్కడే మామూలుగా తిరుగుతుంటాడు. అతనికి ఆమె కనిపిస్తోంది, మాట్లాడుతోంది. తోటివాళ్లకు కనిపించదు.

"మామా, అందరూ ఏడుస్తుంటే ఇతనెందుకు ఏడుస్తలేడు?"

ఈ రెండో ప్రశ్నకు నా దగ్గర జవాబుంది, కానీ వెంటనే నోరు పెగల్లేదు.

నాతో ఆ ఆట ఆడిన దోస్తు ఆరేళ్ల కింద రోడ్డు ప్రమాదంలో పోయాడు. సంతాప సభలో నేను గట్టిగా మాట్లాడాను. కన్నీళ్లు రాలేదు. వాడి నంబరు ఫోన్‌లోంచి తీసెయ్యలేదు. వాళ్లమ్మను చూడటానికి మాత్రం పోలేదు. పోతే వాడు లేడన్నది నిజమైపోతుందని భయం. దాన్ని నేను ధైర్యం అనుకున్నాను, ఉద్యమంలో ఉన్నోడికి ఏడుపేంటి అనుకున్నాను.

క్లౌడ్‌ను చూశాక తెలిసింది. అతను బాధను తప్పించుకున్నాననుకుంటున్నాడు. కానీ అదే దుఃఖంలో ఉన్న తోటివాళ్లను ఒంటరిగా వదిలేశాడు. చావును ఒప్పుకోకపోవడం మన సొంత విషయం కాదు. మనతోపాటు ఏడవాల్సిన ఇంకొకరికి మనం చేసే అన్యాయం అది. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడకుండా కరుణ ఎక్కడి నుంచి వస్తుంది? బుద్ధుడు కిసాగోతమిని ఇల్లిల్లూ తిప్పింది చావు గురించి పాఠం చెప్పడానికే కాదేమో. ప్రతి గడపలో తనలాగే పోగొట్టుకున్న మనిషిని చూపించడానికి కూడా.

ఆ వారమే వాళ్లమ్మ దగ్గరికి పోయాను. ఇన్నేళ్లు ఎందుకు రాలేదని ఆమె అడగలేదు. "తిన్నవా బిడ్డా" అన్నది. రెండు గంటలు వాడి ముచ్చట్లే చెప్పింది. రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చుంటున్నామని మమ్మల్ని తిట్టిన రోజులు కూడా. ఇద్దరం నవ్వినం, ఇద్దరం ఏడ్చినం.

ఆటను మళ్లీ తయారు చెయ్యొచ్చు. మళ్లీ ఆడొచ్చు. అందులో తప్పేం లేదు. కానీ పోయినోళ్లను తెచ్చే మందు మన సంచిలో లేదు. మిగిలినోళ్ల పక్కన కూర్చునే సమయం మాత్రం ఉంది. మీరు కూడా పోకుండా ఆగిపోయిన గడప ఏదైనా ఉంటే, ఈ వారం ఒకసారి పోయి రండి.