వెల చెప్పడం పాపమా?



బొమ్మ గీసినవాడు దానికి వెల చెప్పడం పాపమా? ఈ ప్రశ్నను పైకి అడిగేవారు తక్కువ. కాని మన విచారణల్లో బొమ్మలు వేసే యువతీయువకుల మనసుల్లో అది ఉంది. వారిచేత బొమ్మలు వేయించుకునేవారి మాటల్లోనూ వినబడుతూ ఉంటుంది. "ఇది నీకు దేవుడిచ్చిన వరం బాబూ, వరానికి డబ్బేమిటి?" "మరియతల్లి పటానికి కూడా లెక్కలు చూస్తావా అమ్మా?" "నీకేముంది, ఒక్క పూటలో వేసి పడేస్తావు!" ఈ మూడింటిలో ఏదో ఒక మాట వినని చిత్రకారులు అరుదు. ఎంతిస్తే అంత తీసుకుని, ఏమీ ఇవ్వకపోతే ఒక నవ్వు నవ్వి ఇంటికి పోతారు. ఇంట్లోవారు అడిగే ప్రశ్నకు మాత్రం వారి దగ్గర జవాబుండదు.

ముందుగా వరం సంగతి చూద్దాం. నిర్గమకాండం 31వ అధ్యాయంలో బెసలేలు అనే పనివాడు కనబడతాడు. దైవసన్నిధి గుడారం పనికోసం, లోహాన్నీ రాతినీ కొయ్యనూ అందంగా మలచడానికి, దేవుడు అతణ్ణి తన ఆత్మతో నింపాడని అక్కడ చదువుతాం. కాబట్టి కళ దేవుని వరమే, సందేహం లేదు. కాని తాపీమేస్త్రీ భుజబలాన్ని ఎవరిచ్చారు? టీచరుగారి జ్ఞాపకశక్తిని, డాక్టరుగారి బుద్ధిని ఎవరిచ్చారు? అవీ వరాలే గదా! వారి కూలి దగ్గర, జీతం దగ్గర, ఫీజు దగ్గర మనం ఈ వాదన తీసుకురాము. వరం దేవునిది, శ్రమ మనిషిది. చిత్రకారుడు వెల కట్టేది వరానికి కాదు, దాన్ని సానబట్టడానికి తాను ఖర్చుచేసిన ఆయుష్షుకు.

పవిత్రతను అమ్మడం పాపమన్నది నిజమే. ఆత్మవరాన్ని డబ్బుతో కొనబోయిన సిమోనును పేతురు ఎంత గట్టిగా మందలించాడో అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయం చెబుతుంది. పటం మీద గురువు పలికే ఆశీర్వాదానికి వెల లేదు, ఉండకూడదు. ఆ పటంలోని గుడ్డకు, రంగులకు, పనిదినాలకు మాత్రం వెల ఉంది.

"ఒక్క పూటలో" అనే మాటకు కూడా జవాబు కావాలి. శ్రీకాళహస్తి కలంకారీ పనిని తీసుకోండి. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఎండబెట్టాలి. ఇనుప ముక్కల్ని బెల్లపు నీటిలో రోజుల తరబడి ఊరబెడితేగాని నల్లరంగు సిద్ధం కాదు. వెదురు పుల్లకు ఉన్నిగుడ్డ చుట్టి, దానితో ఒక్కొక్క గీత గీయాలి. పటిక పూయాలి, రంగులో ఉడకబెట్టాలి, పారే నీటిలో ఉతకాలి, మళ్ళీ ఆరబెట్టాలి. కొనేవాడి కంటికి బొమ్మ కనబడుతుంది, ఆ రోజులు కనబడవు. ఆ చెయ్యి తిరగడానికి పట్టిన ఏళ్ళు అసలే కనబడవు.

ఈ తగాదా ఒకసారి కోర్టుకే ఎక్కింది. 1877లో లండనులో విస్లర్ అనే చిత్రకారుడు, తన చిత్రాన్ని, దాని ధరను ఎగతాళి చేసిన విమర్శకుడు రస్కిన్ మీద దావా వేశాడు. రెండు రోజుల పనికి 200 గినీలా అని అవతలి న్యాయవాది నిలదీశాడు. తాను అడుగుతున్నది రెండు రోజుల పనికి కాదనీ, జీవితమంతా పనిచేసి గడించిన జ్ఞానానికనీ విస్లర్ బదులిచ్చాడు. కేసు గెలిచాడు. నష్టపరిహారం మాత్రం ఒక్క ఫార్దింగు, అంటే పెన్నీలో నాలుగో వంతు! కోర్టు ఖర్చులు అతణ్ణి దివాలా వరకు తీసుకుపోయాయి. మాటవరసకు న్యాయం ఒప్పుకుని చేతికి చిల్లర ఇవ్వడం మన దగ్గర మాత్రం లేదా?

మన ఇళ్ళకు సరిపోయే లెక్క ఒకటి వేద్దాం. రెండడుగుల కాన్వాసు మీద తిరుకుటుంబ చిత్రం వేయాలి. కాన్వాసుకు, రంగులకు, చట్రానికి 900 రూపాయలు అయ్యాయి అనుకుందాం. నాలుగు రోజుల పని. రోజుకు 700 వేసుకుంటే 2,800. అరిగే కుంచెలకు, కరెంటుకు, రానుపోను ఖర్చులకు 300. మొత్తం 4,000. ఇందులో లాభం ఇంకా చేరలేదు. కొనేవారు బేరమాడి 1,500 చేతిలో పెట్టారు. సరుకులకూ ఇతర ఖర్చులకూ 1,200 పోగా మిగిలింది 300, అంటే రోజుకు 75 రూపాయలు. తోటలో గడ్డి తీయడానికి వచ్చిన మనిషికి మనం ఆ కూలి ఇవ్వగలమా? ఇస్తే ముఖం చూపించగలమా?

"అతను ఒప్పుకున్నాడు కదా" అంటారు. ఈ మాటకు 13వ లియో పోపుగారు 1891లోనే, 'రేరుం నొవారుం' అనే విశ్వలేఖలో, సమాధానం ఇచ్చారు. ఇద్దరూ ఒప్పుకున్నంత మాత్రాన కూలి న్యాయమైపోదనీ, ఒప్పందానికి పైన సహజన్యాయం ఒకటుందనీ, గతిలేక తక్కువకు తలవంచినవాడు బలవంతానికి గురైనట్టేననీ ఆయన బోధించారు. ఆయన చెప్పింది కార్మికుల వేతనం గురించి. అయినా రేపటి బియ్యం కోసం ఈరోజు బొమ్మను సగం ధరకు వదులుకునే చిత్రకారుడి స్థితి దానికి ఎంత దూరం?

ఇక చిత్రకారులతో ఒక మాట. మీరు తక్కువ చెప్పడం ఎప్పుడూ వినయం కాదు. జీతమొచ్చే ఉద్యోగం చేసుకుంటూ, సరదాకు వేసిన బొమ్మను రంగుల ఖర్చుకే అమ్మితే, అదే పనితో పిల్లల్ని చదివించుకునే మీ పక్కవీధి చిత్రకారుడి ధర పడిపోతుంది. మీ మొహమాటానికి వెల కట్టేది అతని కుటుంబం.

అలాగని తోచినంత చెప్పవచ్చునా? పునీత తోమాసు అక్వినాసు తన 'సుమ్మా'లో ఈ ప్రశ్నను విచారించారు. న్యాయమైన ధర త్రాసులో తూచినట్టు ఖచ్చితంగా తేలదనీ, అది ఒక అంచనా అనీ ఆయనే ఒప్పుకున్నారు. వస్తువును వదులుకోవడం వల్ల అమ్మేవానికి నష్టముంటే, దాన్ని ధరలో కలుపుకోవచ్చు. కాని కొనేవాని ప్రత్యేకమైన అవసరాన్ని చూసి ధర పెంచకూడదు, ఎందుకంటే ఆ అవసరం అమ్మేవాని సొత్తు కాదు. దీన్ని మన మధ్యకు తెచ్చి చూడండి. చనిపోయిన కొడుకు పాత ఫోటో ఒకటి పట్టుకుని, పెద్ద పటం గీయమని ఒక తల్లి వచ్చింది. ఆమె ఎంతైనా ఇస్తుంది. అందుకే అందరికీ చెప్పే ధరకన్న ఒక్క రూపాయి కూడా ఆమెకు ఎక్కువ చెప్పకూడదు. మీ శ్రమ మీది, ఆమె కన్నీరు మీది కాదు. అలాగే అచ్చు వేసినదాన్ని చేతిపని అని అమ్మడం ధర తప్పు కాదు, దొంగతనం.

కొనేవారికీ ఇదే ధర్మం వర్తిస్తుంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నారు పెద్దలు. చవకగా కొని ప్రియంగా అమ్మాలన్నది అందరి కోరిక అనే మాటను పునీత అగుస్తీను గారు కూడా చర్చించారు. ఆ కోరిక లోకంలో ఉన్నా అది ధర్మం కాదని చూపడానికి ఒక వ్యక్తిని ఉదాహరణగా చెప్పారు. అతని దగ్గరకు ఒకరు ఒక పుస్తకం అమ్మకానికి తెచ్చారు. దాని విలువ తెలియక చాలా తక్కువ అడిగారు. అతను మాత్రం అమ్మేవారు ఊహించనంతగా, దాని న్యాయమైన ధరే ఇచ్చాడు. బేరంలో గెలవగలిగీ గెలవకపోవడం అంటే ఇదే.

మరి దేవాలయానికి ఉచితంగా వేయకూడదా? తప్పక వేయవచ్చు. కాని దానం ఎప్పుడు దానమవుతుంది? అడగడానికి హక్కున్నవాడు, ఆ హక్కును తన ఇష్టంతో వదులుకున్నప్పుడు. పునీత పౌలు కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 9వ అధ్యాయం చూడండి. సువార్త ప్రకటించేవానికి దానివల్లనే జీవించే హక్కుందని ముందు గట్టిగా నిరూపిస్తాడు. ఆ తరువాతే, తాను ఆ హక్కును వాడుకోలేదని చెబుతాడు. కొరింతులో గుడారాలు కుట్టి పొట్టపోసుకున్న మనిషి ఆయన. హక్కు లేదని చెప్పి ఉచితంగా తీసుకుంటే అది దానం కాదు, మొహమాటపెట్టి గుంజుకోవడం.

పండుగకు షామియానావారికి, మైకుసెట్టువారికి, బ్యాండువారికి మనం బిల్లు చెల్లిస్తాం. పశువుల పాక వెనుక తెర గీసిన అబ్బాయికి, సిలువమార్గపు చిత్రాలకు మళ్ళీ రంగులు దిద్దిన అమ్మాయికి శాలువా కప్పి పంపుతాం. శాలువా మంచిదే, కాని అది అన్నం పెట్టదు. విచారణ పెద్దలారా, పని చెప్పేముందే వెల అడగండి. చిత్రకారులారా, రసీదు మీద పూర్తి ధర వ్రాయండి. గుడికి ఇవ్వదలచుకుంటే, దాని కింద "కానుక" అని వ్రాసి మీ ఇష్టమైనంత తగ్గించండి. అప్పుడు మీరు ఎంత ఇచ్చారో మీకు తెలుస్తుంది, ఎంత పుచ్చుకున్నామో మాకూ తెలుస్తుంది. ఇవ్వలేని ఏడాది ఆ గీత కింద ఏమీ వ్రాయకండి, సిగ్గుపడనక్కరలేదు.

నజరేతులో కొయ్యపని చేసిన చేతులు మన ప్రభువువి. ఆ ఇంటి పొయ్యి చేతిపనితోనే వెలిగిందని మరచిపోకుందాం. ఆయన మీ చేతుల కష్టాన్ని దీవించును గాక.